పస్సావ్‌లో ఒక్క రోజు: డాన్యూబ్ క్రూయిజ్ మధ్యలో దిగి ఊరు చూడటం ఎలా

డాన్యూబ్ క్రూయిజ్‌లో పస్సావ్ వంతు వచ్చేసరికి చాలామంది ఒకే ఆలోచనలో పడతారు: ఆ రోజు బస్సులో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ వెళ్లాలా, చెక్ దేశంలోని చెస్కీ క్రుమ్లోవ్ వెళ్లాలా? పడవవాళ్లు అమ్మే టూర్లలో ఈ రెండే ముందుంటాయి. రెండూ చూడదగ్గ ఊళ్లే, కాదనను. కానీ పోను దాదాపు రెండు గంటలు, రాను రెండు గంటలు బస్సులోనే గడిచిపోతాయి. అక్కడ చేతికి మిగిలేది గైడు జెండా వెనక పరుగు, నాలుగు ఫొటోలు, హడావిడిగా తాగిన ఒక కాఫీ. ఇక్కడేమో కాలినడకన చుట్టేయగలిగిన ఊరు రేవు దగ్గరే ఉంది. నా మాట విని ఆ రోజు ఏ బస్సు టూరూ కొనకండి. రోజంతా పస్సావ్‌లోనే తిరగండి.

పస్సావ్ జర్మనీ ఆగ్నేయ మూలన, బవేరియాలో, ఆస్ట్రియా సరిహద్దును ఆనుకుని ఉంటుంది. మూడు నదులు ఇక్కడ కలుస్తాయి. పడమర నుంచి డాన్యూబ్, దక్షిణాన ఆల్ప్స్ నుంచి ఇన్, ఉత్తరాన బవేరియా అడవుల నుంచి ఇల్ట్స్ వస్తాయి. పాత ఊరంతా డాన్యూబ్‌కూ ఇన్‌కూ మధ్య సాగిన సన్నటి నేల మీదే ఉంది. ఒక నది ఒడ్డు నుంచి రెండో నది ఒడ్డుకు అడ్డంగా నడిస్తే కొద్ది నిమిషాలే పడుతుంది. అందుకే ఇక్కడ దారి తప్పుతామన్న టెన్షన్ అక్కర్లేదు. ఏ సందులో కిందికి దిగినా ఏదో ఒక నది తగులుతుంది.

ముందు రోజు రాత్రి

రాత్రి భోజనాల వేళకు మరుసటి రోజు కార్యక్రమం కాగితం మీ క్యాబిన్‌కు వస్తుంది. అందులో రెండు విషయాలు వెతకండి: పడవ ఎక్కడ ఆగుతుంది, అందరూ తిరిగి ఎక్కాల్సిన ఆఖరి సమయం ఎంత.

పస్సావ్‌లో క్రూయిజ్ పడవలు కొన్ని పాత ఊరి పక్కనే, టౌన్ హాల్‌కు దగ్గర్లో ఆగుతాయి. కొన్ని ఊరికి దిగువన ఉన్న లిండావ్ రేవులో ఆగుతాయి. అక్కడి నుంచి ఊళ్లోకి నడక కాస్త దూరం. సాధారణంగా పడవవాళ్లే బస్సు నడుపుతారు. మీది ఏ రేవో రాత్రే తెలిస్తే పొద్దున ప్లాను మారకుండా ఉంటుంది.

ఆ రోజు ఏ వారమో కూడా చూసుకోండి. జర్మనీలో ఆదివారం షాపులు, సూపర్ మార్కెట్లు మూసేస్తారు. బవేరియాలో దానికితోడు క్యాథలిక్ పండుగల సెలవులు ఉంటాయి. ఆగస్టు 15న మరియమాత పండుగ అని పస్సావ్‌లో షాపులు బందు. మందులో, మరచిపోయిన చార్జరో కొనాల్సి ఉంటే అలాంటి రోజు మీద పెట్టుకోకండి. హోటళ్లు, కేఫ్‌లు మాత్రం మామూలుగా తెరిచే ఉంటాయి.

పాస్‌పోర్టు సంగతి. చాలా క్రూయిజ్‌లలో మన పాస్‌పోర్టులు రిసెప్షన్ వాళ్లే దాచుకుంటారు. భయపడాల్సిందేమీ లేదు. కానీ పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా పేజీ జిరాక్స్ ఒకటి బ్యాగులో, ఒక ఫొటో ఫోన్‌లో ఉండాలి. మీ క్రూయిజ్ బుడాపెస్ట్ దాటి సెర్బియాలోకి కూడా వెళ్తుంటే షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. ఎందుకంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల జట్టు షెంగెన్‌లో సెర్బియా లేదు. ఇది ఇండియాలో వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే చూసుకోవాల్సిన పని. పడవ ఎక్కాక చేసేదేమీ ఉండదు.

ఇక ఆఖరి పని. ఊరి పెద్ద చర్చి అయిన సెయింట్ స్టీఫెన్ కేథడ్రల్‌లో ఆర్గాన్ (గొట్టాల్లోకి గాలి పంపి వాయించే పెద్ద వాద్యం) కచేరీ ఉందో లేదో కేథడ్రల్ వెబ్‌సైట్‌లో చూడండి. మామూలుగా మే నుంచి అక్టోబరు దాకా, ఆదివారాలు, పండుగలు కాని రోజుల్లో మధ్యాహ్నం 12 గంటలకు అరగంట పాటు ఉంటుంది. ఉందని తేలితే మిగతా రోజంతా దాని చుట్టూ అమర్చుకోండి.

పడవ దిగేటప్పుడు

పడవలో ఇచ్చిన బోర్డింగ్ కార్డు లేకుండా దిగకండి. కాగితం మీదో కంప్యూటర్‌లోనో ఆ కార్డుతోనే ఎవరు బయట ఉన్నారో లెక్క చూస్తారు. ఇద్దరి కార్డులూ ఒకరి దగ్గరే పెట్టొద్దు. ఊళ్లో విడిపోతే ఇబ్బంది.

రద్దీ రోజుల్లో రేవులో రెండు మూడు పడవలను పక్కపక్కనే కట్టేస్తారు. మీ పడవ బయటి వరుసలో ఉంటే వేరే పడవల లాబీలోంచి దాటి ఒడ్డుకు చేరాలి. సాయంత్రానికి ఆ పడవల్లో ఒకటి వెళ్లిపోయి మీది వేరే చోటికి జరిగినా ఆశ్చర్యం లేదు. అందుకే ఒడ్డు మీద నిలబడి మీ పడవ పేరు, రేవు దగ్గరి బోర్డు, పక్కన కనిపించే వంతెన కలిపి ఒక ఫొటో తీసుకోండి. పెద్దవాళ్ల ఫోన్‌లోకి కూడా అదే పంపండి. రిసెప్షన్ ఫోన్ నంబరు రాసిన కార్డు కౌంటర్ మీదే ఉంటుంది, అదీ జేబులో వేసుకోండి.

సరిహద్దు పక్కనే కాబట్టి ఫోన్ ఒక్కోసారి ఆస్ట్రియా నెట్‌వర్క్‌కు మారిపోతుంది. యూరప్ సిమ్‌తో ఇబ్బంది లేదు. ఇండియా నుంచి రోమింగ్ ప్యాక్‌తో వచ్చినవాళ్లు అందులో రెండు దేశాలూ ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. సందుల్లో రాళ్లు పరిచిన దారులు, కొన్నిచోట్ల మెట్లు. వేసవిలో కూడా పల్చటి జాకెట్ ఒకటి ఉంచుకోండి, పెద్ద చర్చిల లోపల చలిగా ఉంటుంది. బాత్రూముల కోసం యాభై సెంట్లు, ఒక యూరో నాణేలు చిల్లరగా కావాలి. కొన్ని చిన్న షాపుల్లో కార్డు తీసుకోరు కాబట్టి కొంత నగదూ ఉండాలి.

ప్యాకేజీలో ఉచితంగా గైడుతో ఊరి నడక ఉంటే మొదటి గంట వాళ్లతో వెళ్లొచ్చు. నచ్చినంత సేపు విని, గైడుకు చెప్పి, చెవిలో పెట్టుకున్న యంత్రం తిరిగిచ్చేసి విడిపోండి. చెప్పకుండా మాయమైతే తలలు లెక్కపెడుతూ మీ కోసం అందరూ ఆగిపోతారు.

పొద్దున: సంగమం, ఆ తర్వాత ఇన్ ఒడ్డు

చాలామంది దిగగానే కొండ మీది కోటకు పరుగెత్తుతారు. మీరు దాన్ని మధ్యాహ్నానికి వాయిదా వేయండి. పొద్దున కోట మీది నుంచి సంగమం వైపు చూస్తే ఎండ ఎదురు కొడుతుంది, నీళ్ల రంగులు సరిగా తేలవు. మధ్యాహ్నం దాటితే వెలుగు మీ వెనక నుంచి పడుతుంది.

కాబట్టి ముందుగా డాన్యూబ్ ఒడ్డు వెంట తూర్పుకు, నేల ముగిసే కొస దాకా నడవండి. అక్కడ చిన్న పార్కు, బెంచీలు ఉంటాయి. ఎడమ చేతి వైపు డాన్యూబ్, కుడి చేతి వైపు ఇన్. డాన్యూబ్ అవతలి గట్టున ఇల్ట్స్ వచ్చి కలుస్తుంది. అడవుల్లోని పీట్ (కుళ్లిన మొక్కలు పేరుకున్న తడి నేల) గుండా పారుతుంది కాబట్టి ఇల్ట్స్ నీరు నల్లగా ఉంటుంది. ఆల్ప్స్ మంచు కరిగి, రాతి పొడి కలుపుకుని వచ్చే ఇన్ లేత ఆకుపచ్చగా, ఎండాకాలంలో పాలు కలిపినట్టు కనిపిస్తుంది. ఇక్కడ నిలబడ్డవాళ్లకు చెప్పి తీరాల్సిన సంగతి ఒకటుంది. ఏడాది సగటు తీస్తే ఈ కలయికలో ఇన్ తెచ్చే నీరే డాన్యూబ్ నీటికంటే కాస్త ఎక్కువ. అయినా ఇక్కడి నుంచి నల్ల సముద్రం దాకా పేరు మాత్రం డాన్యూబ్‌దే.

తిరిగి వస్తూ నీడర్న్‌బుర్గ్ మఠం చర్చిలోకి వెళ్లండి. టూర్ గుంపులు దీన్ని తరచూ దాటేస్తాయి, నాకు మాత్రం ఊరు మొత్తంలో బాగా నచ్చే చోటు ఇదే. ఇక్కడ గీసెలా సమాధి ఉంది. జర్మన్ చక్రవర్తి రెండో హెన్రీ చెల్లెలు, హంగరీ మొదటి రాజు స్టీఫెన్ భార్య. భర్త పోయాక హంగరీ విడిచి వచ్చి ఈ మఠంలో చేరి, దానికి పెద్దగా ఉండి ఇక్కడే కన్నుమూసింది. వెయ్యేళ్లు కావస్తున్నా హంగరీ యాత్రికులు ఇప్పటికీ వచ్చి ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రిబ్బన్లు కట్టి వెళ్తారు. మీ పడవ కింద బుడాపెస్ట్ దాకా వెళ్తుంటే, అక్కడి సెయింట్ స్టీఫెన్ బసిలికాలో ఆమె భర్త కుడి చెయ్యి అని భద్రపరిచినదాన్ని చూస్తారు. భార్య ఇక్కడ, భర్త అక్కడ, మధ్యలో మీరు పడవలో వెళ్లే నది. ఇది తెలిసి చూస్తే రెండు ఊళ్లూ విడివిడి స్టాపుల్లా అనిపించవు.

అక్కడి నుంచి ఇన్ వైపుకు దిగి, గట్టు వెంట పడమరగా నడవండి. డాన్యూబ్ వైపు పడవలు, బస్సులు, గుంపులు; ఇటు వైపు నెమ్మది. నీటి అంచున తెల్లటి గుండ్రటి షైబ్లింగ్ బురుజు కనిపిస్తుంది. ఒకప్పుడు ఇన్ మీదుగా ఉప్పు పడవలు ఇక్కడికి వచ్చేవి. ఆ ఉప్పును ఇక్కడి నుంచి కొండదారుల్లో బొహీమియాకు (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) మోసుకెళ్లేవారు. ఆ వ్యాపారమే ఈ ఊరి బిషప్పులకు సిరి తెచ్చింది. మీరు చూడబోయే కోటను, కేథడ్రల్‌ను కట్టించింది ఆ బిషప్పులే.

అవతలి గట్టున కొండ మీద మరియాహిల్ఫ్ చర్చి కనిపిస్తుంది. దానికి 321 మెట్లు, పైకప్పు కింద ఎక్కే మెట్ల దారి. భక్తులు మెట్టు మెట్టుకూ ప్రార్థన చేస్తూ ఎక్కుతారు. మొక్కుబడి మెట్లు మనకు కొత్త కాదు కాబట్టి ఆగి చూడాలనిపిస్తుంది. కానీ ఒక్క రోజులో ఇదీ, కోటా రెండూ ఎక్కడం మోకాళ్లకు ఎక్కువే. ఒకటే ఎంచుకోండి.

పన్నెండింటికి ఆర్గాన్

కచేరీకి ముందు కాసేపు కేథడ్రల్‌ను మామూలు సందర్శకులకు మూసేస్తారు. టికెట్ ఉన్నవాళ్లనే లోపలికి పంపుతారు, మొదలయ్యాక రానివ్వరు. అందువల్ల కనీసం ముప్పావుగంట ముందే చేరండి. లోపల కాస్త నడి భాగంలో కూర్చోండి. సీట్లకు నంబర్లుంటాయనుకుని వెతకొద్దు, ముందు వచ్చినవాళ్లదే చోటు.

ఈ ఆర్గాన్‌లో 17,974 గొట్టాలు, 233 రిజిస్టర్లు (ఒకే రకం ధ్వనినిచ్చే గొట్టాల వరుసలు) ఉన్నాయి. ప్రపంచంలోని అతి పెద్ద చర్చి ఆర్గాన్లలో ఒకటి. నిజానికి ఇది కేథడ్రల్‌లో వేర్వేరు చోట్ల ఉన్న ఐదు ఆర్గాన్లు. అన్నిటినీ ఒకే చోట కూర్చున్న కళాకారుడు ఒకేసారి వాయించగలడు. ఒకటి పైకప్పు మీద అటకలో ఉంటుంది. దాని ధ్వని కప్పులో ఉన్న రంధ్రం గుండా కిందికి దిగుతుంది. అందుకే వాయిస్తున్నప్పుడు శబ్దం ముందు నుంచి వస్తోందా, వెనక నుంచా, నెత్తి మీద నుంచా అని తల తిప్పి చూసుకుంటాం. పాశ్చాత్య సంగీతం మాకేం తెలుసు అని వెనకాడొద్దు. పెద్ద గొట్టాలు మోగినప్పుడు కూర్చున్న బల్లలో అదురు తెలుస్తుంది, దానికి పరిచయం అక్కర్లేదు. చిన్నపిల్లలు అరగంట కదలకుండా కూర్చోలేరనుకుంటే మీలో ఒకరు పిల్లలతో బయట ఉండి, మరొకరు వినడం మంచిది. మధ్యలో లేచి వెళ్లడం కుదరదు.

కచేరీ లేని రోజైతే కేథడ్రల్‌ను తీరిగ్గా చూడండి. 1662లో ఊరంతా తగలబడిపోయింది. ఆ తర్వాత ఇటలీ నుంచి పనివాళ్లను రప్పించి కట్టించారు. లోపలి తెల్లటి సున్నపు శిల్పాలు, కప్పు మీది బొమ్మలు అప్పటివే. బయట తూర్పు వైపుకు వెళ్తే మంటల నుంచి మిగిలిన పాత గోతిక్ భాగం కనిపిస్తుంది. ఒకే గుడికి ఇటు ఒక కాలం, అటు ఇంకో కాలం. పస్సావ్ వీధుల్లో ఇటలీ ఊళ్ల పోలిక కనిపించడానికి కూడా ఆ అగ్ని ప్రమాదమే కారణం.

భోజనం

పన్నెండున్నరకు బయటికొస్తే ఆకలి మీద ఉంటారు. ఎక్కువ ఆలస్యం చేయకండి, ఇక్కడ చాలా హోటళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేసి సాయంత్రమే మళ్లీ తెరుస్తారు.

శాకాహారులకు నమ్మకమైనది కేజెష్పెట్సెల్: గుడ్డు కలిపిన చిన్న నూడుల్స్, కరిగిన చీజ్, పైన వేయించిన ఉల్లిపాయలు. గుడ్డు తిననివాళ్లకు అది కుదరదు. ఉడికించిన బంగాళదుంపల మీద పెరుగులాంటి క్వార్క్ వేసి ఇచ్చేది అడగండి. రెండు చోట్ల జాగ్రత్త. బవేరియా బంగాళదుంప సలాడ్‌లో తరచూ మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు. సూపులు కూడా అంతే. "ష్పెక్" అంటే పంది మాంసం ముక్కలు, మెనూలో ఆ మాట కనిపిస్తే వదిలేయండి. "ఓనె ఫ్లైష్" అంటే మాంసం లేకుండా అని. అది చెప్పి, మాంసం నీళ్లు కూడా లేవు కదా అని ఇంగ్లీషులో మళ్లీ అడగండి. విసుక్కోరు. కారం లేక నోరు చప్పబడితే పడవలో తెచ్చుకున్న పచ్చడి పొట్లం హోటల్లో విప్పకండి, రాత్రికి దాచుకోండి.

నీళ్ల సీసా పడవలోంచే నింపుకుని దిగండి. కుళాయి నీళ్లు తాగొచ్చు. బయట ప్లాస్టిక్ సీసా కొంటే ధర మీద ఇరవై అయిదు సెంట్లు డిపాజిట్ కలుపుతారు. ఖాళీ సీసా సూపర్ మార్కెట్ యంత్రంలో వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది.

మధ్యాహ్నం: వరద గుర్తులు, కోట

భోజనం అయ్యాక టౌన్ హాల్ చౌకుకు రండి. దారిలో హోల్‌గాసె అనే సందు తగులుతుంది, రాళ్ల మీద రంగులు వేసి ఉంటుంది, చిన్న చిత్రకళా దుకాణాలు. చౌకు పక్కన ఒక పాత హోటల్లో గాజు మ్యూజియం ఉంది. బొహీమియా గాజు సామాన్లు వేలల్లో ఉన్నాయి. దీన్ని 1985లో ప్రారంభించింది చంద్రుడి మీద కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్. వాన పట్టుకుంటే కోటకు బదులు ఇందులోకి వెళ్లండి.

చౌకులో తప్పకుండా చూడాల్సింది టౌన్ హాల్ గోపురం గోడ. దాని మీద శతాబ్దాల వరదల మట్టాలు గీసి, సంవత్సరాలు రాశారు. 2013 జూన్ 3న డాన్యూబ్ ఇక్కడ 12.89 మీటర్లకు చేరింది. 1501 తర్వాత అంత నీరు రాలేదు. 1954 వరద గుర్తు దాని కింద ఉంటుంది. గోడ పక్కన నిలబడి తలెత్తి ఆ గీతలు చూడండి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు, 48 అడుగులు, 53 అడుగులు అని ప్రమాద హెచ్చరికలు వింటూ పెరిగినవాళ్లకు ఆ గోడను ఎవరూ వివరించక్కర్లేదు. మూడు నదుల నీరు ఒకేసారి ఇరుకు చోటికి చేరితే ఈ ఊరికి ఎటూ దారి ఉండదు. వరద వచ్చిన ప్రతిసారీ కడుక్కుని, సున్నం వేసుకుని, మళ్లీ షాపులు తెరుచుకున్న ఊరిది. మీరు కాఫీ తాగిన కేఫ్ కూడా మునిగి లేచిందే అయ్యుండొచ్చు.

ఈ గోడకూ మీ ప్రయాణానికీ సంబంధం ఉంది. నీరు ఎక్కువైతే పడవలు వంతెనల కింద పట్టవు. తక్కువైతే ఇంకో సమస్య. పస్సావ్‌కు ఎగువన ష్ట్రౌబింగ్, విల్స్‌హోఫెన్ ఊళ్ల మధ్య ఆనకట్టలు లేవు, లోతు తక్కువ. ఎండలు ముదిరిన ఏడాది అక్కడ పెద్ద పడవలు ఆగిపోతాయి. అప్పుడు ప్రయాణికులను బస్సుల్లో దాటించి, అవతల అలాంటి ఇంకో పడవ ఎక్కిస్తారు. మీకు అలా జరిగితే క్యాబిన్ సామాను త్వరగా సర్దుకునేలా ఉండండి, రోజూ వేసుకునే మందులు మాత్రం చేతి సంచిలోనే పెట్టుకోండి.

ఇక కోట. ఫెస్టె ఓబర్‌హౌస్‌ను 1219లో బిషప్ మొదలుపెట్టించాడు. శత్రువుల కోసం ఎంతో, తన మీద తిరగబడే ఊరివాళ్లను అదుపులో ఉంచడానికీ అంత. చౌకు దగ్గరి వేలాడే వంతెన మీదుగా డాన్యూబ్ దాటితే అవతల మెట్ల దారి ఉంది. ఇరవై నిమిషాలు, నిటారు ఎక్కుడు. పెద్దవాళ్లు ఉంటే ఆలోచించకుండా బస్సు ఎక్కండి. సీజన్‌లో టౌన్ హాల్ చౌకు నుంచే కోటకు బస్సు నడుస్తుంది. ఎక్కేటప్పుడు బస్సు, దిగేటప్పుడు మెట్లు అనుకునేవాళ్లూ మోకాళ్ల నొప్పి ఉంటే ఆ పని చేయొద్దు, దిగడమే ఎక్కువ బాధ. కోటలోని మ్యూజియంకు టికెట్ ఉంది, చలికాలంలో మూసి ఉంటుంది. సమయం చాలకపోతే మ్యూజియం వదిలేసి, సంగమం కనిపించే చోటుకు నేరుగా వెళ్లండి. అక్కడ నిలబడితే పొద్దున మీరు నడిచిన కొస, మూడు రంగుల నీళ్లు, కేథడ్రల్ ఆకుపచ్చ గోపురాలు అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి.

తిరుగు ప్రయాణం

కాగితం మీద రాసిన ఆఖరి సమయానికి గంట ముందు రేవు వైపు తిరగండి. లిండావ్ రేవు అయితే ఇంకో అరగంట కలుపుకోండి. మీరు పడవవాళ్ల టూర్‌లో లేనప్పుడు మీ కోసం ఆగరు. లాక్‌ల (నీటి మట్టం పెంచి, తగ్గించి పడవలను ఆనకట్ట దాటించే గేట్ల గదులు) దగ్గర పడవలకు వంతులుంటాయి, కెప్టెన్ చేతిలో కూడా ఏమీ ఉండదు.

ఒకవేళ తప్పిపోయినా కంగారు పడకండి. రిసెప్షన్‌కు ఫోన్ చేసి తర్వాతి రేవు ఏదో కనుక్కోండి. పడవ మెల్లగా పోతుంది, రైలు ముందు చేరుతుంది. పస్సావ్ రైల్వే స్టేషన్ పాత ఊరి నుంచి నడక దూరమే. లింజ్‌కు రైలులో సుమారు గంట, వియన్నాకు రెండు గంటల పైచిలుకు. ఖర్చు మీదే, క్రూయిజ్ మాత్రం పోదు.

టైముకు చేరినవాళ్లు క్యాబిన్‌లో నడుం వాల్చకుండా పై డెక్‌కు వెళ్లండి. పాత ఊరి రేవు నుంచి దిగువకు బయల్దేరితే పది నిమిషాల్లో పడవ సంగమం దాటుతుంది. ముందు ఎడమ వైపు ఇల్ట్స్, వెంటనే కుడి వైపు ఇన్ కనిపిస్తాయి. లిండావ్ రేవు సంగమానికి కిందే ఉంది కాబట్టి అక్కడి నుంచి బయల్దేరే పడవలవాళ్లకు ఇది కనిపించదు. అంతకు ముందే కోట మీది నుంచి తనివితీరా చూసుకోవాలి. ఆ తర్వాత సుమారు ఇరవై కిలోమీటర్లకు యోహెన్‌ష్టైన్ లాక్ వస్తుంది. 1950లలో జర్మనీ, ఆస్ట్రియా కలిసి కట్టిన విద్యుత్ కేంద్రం పక్కన, కాంక్రీటు గోడల మధ్య పడవ దాదాపు పది మీటర్లు కిందికి దిగుతుంది. సరిగ్గా ఆ వేళకే భోజనాల గంట కొడితే ముందు లాక్ చూడండి, భోజనం పది నిమిషాలు ఆగుతుంది. గోడ తడిగా, దగ్గరగా ఉంటుంది. పిల్లలను రెయిలింగ్ అవతలికి చెయ్యి పెట్టనివ్వకండి.